మూల సీటుకూ వెలుగు కావాలి

థియేటర్ ఎలా ఉందని అడిగితే మనవాళ్లు సౌండు గురించి చెబుతారు, ఏసీ గురించి చెబుతారు, కుర్చీల గురించి చెబుతారు. తెర ఊసెత్తరు. ప్రొజెక్టరులో వెలుగు కోసం కార్బన్లు కాల్చిన రోజుల నుంచి డిజిటల్ వచ్చేదాకా ప్రొజెక్షన్ గదిలో పనిచేసినవాణ్ని. బొమ్మ బాగోగులు ప్రొజెక్టరు మీద ఎంత ఆధారపడతాయో తెర మీదా అంతే ఆధారపడతాయని నా నమ్మకం.

ఈమధ్య ఒక మల్టీప్లెక్సులో కొత్త సినిమాకి వెళ్తే ఎడమ చివర సీటు దొరికింది. పెళ్లి సీను. ఎడమవైపు పీటల మీద కూర్చున్న జంట మధుపర్కాలు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. కుడివైపు నిలబడ్డ పెళ్లికూతురి తండ్రి ముఖంలో కన్నీళ్లున్నాయో లేదో తెలియడం లేదు. ఇంటర్వెల్ తర్వాత కుడి చివర ఖాళీగా ఉంటే అక్కడికి మారాను. తెల్లటి వెలుగు మచ్చ కూడా నాతోపాటే కుడికి జరిగింది! లాంపు సరిగా కూర్చోకపోతే మచ్చ ఉన్నచోటే ఉంటుంది. సీటుతోపాటు కదిలిందంటే అది తెర తెచ్చిన తేడా.

మామూలు మాట్ తెల్ల తెర తన మీద పడిన కాంతిని అన్ని వైపులకూ దాదాపు సమానంగా వెదజల్లుతుంది. దాని గెయిన్, అంటే వెలుగును ఎదుటికి తిప్పికొట్టే కొలత, 1. అల్యూమినియం పూత పూసిన సిల్వర్ తెర గెయిన్ 2 దాటుతుంది. అలాగని అది కొత్తగా వెలుగు పుట్టించదు. పక్క సీట్లకు వెళ్లాల్సిన దాన్ని మధ్య సీట్లకు మళ్లిస్తుంది, అంతే. టికెట్ ధర మాత్రం అందరికీ ఒకటే.

సిల్వర్ తెర ఎందుకు వేస్తారంటే 3డి కోసం. చౌక రకం 3డి కళ్లద్దాలు పోలరైజ్డ్ కాంతితో పనిచేస్తాయి. తెల్ల తెర ఆ పోలరైజేషన్‌ను చెదరగొడుతుంది, లోహపు పూత నిలబెడుతుంది. పైగా ఫిల్టర్లూ కళ్లద్దాలూ కలిసి చాలా వెలుగు మింగేస్తాయి కాబట్టి గెయిన్ కావాలి. ఇంతవరకూ యజమానుల వాదన న్యాయమే. కానీ ఏడాదిలో 3డి ఆడే వారాలెన్ని? మిగతా రోజులన్నీ అదే తెర మీద 2డి సినిమాలే కదా!

డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెర నడుమ చదరపు మీటరుకు 48 క్యాండెలాల వెలుగుండాలి. సిల్వర్ తెర ముందు లైట్ మీటరు పట్టుకున్నవాడు మధ్య వరసలో కూర్చుంటే లెక్క సరిపోతుంది. మూలకెళ్లి కొలిస్తే ఆ అంకె రాదు. పాత హాళ్లలో పొడవు పెంచకుండా తెర వెడల్పు మాత్రం పెంచేస్తున్నారు. అక్కడ ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దారి లేక కాదు. రంగుల ఫిల్టర్లతో నడిచే 3డి, షట్టర్ కళ్లద్దాల 3డి తెల్ల తెర మీదే ఆడతాయి. ఆ కళ్లద్దాలు ఖరీదైనవి, ఆటయ్యాక వెనక్కి తీసుకుని కడగాలి. నిజమే, పని పెరుగుతుంది. అది వద్దనుకుంటే నాలుగైదు హాళ్లున్నచోట ఒక్కదానికే సిల్వర్ తెర వేసి, మిగతావి మాట్ తెరలుగా ఉంచవచ్చు. అదీ కుదరకపోతే టికెట్లు బుక్ చేసుకునే చోట, సీట్ల పటం పక్కన, ఆ హాల్లో ఉన్నది ఏ తెరో రాయండి. డాల్బీ అట్మాస్ అని సౌండు పేరు రాస్తూనే ఉన్నారు కదా, దాని కింద ఇంకొక్క లైను.