మిగిలిన టర్కీ కోడి సూపు: ఆహారమా? ఔషధమా?

ప్రతి సంవత్సరం నవంబరు నాలుగవ గురువారం అమెరికాలో 'థాంక్స్‌గివింగ్' పండుగ జరుగుతుంది. అబ్రహాం లింకన్ 1863లో దీనిని జాతి యావత్తుకు పండుగగా ప్రకటించగా, నవంబరు నాలుగవ గురువారమే జరపవలెనని అక్కడి కాంగ్రెసు 1941లో శాసనం చేసినది. ఆనాడు టర్కీ కోడిని కోయకుండా, పక్షిని పక్షిగానే ఓవెనులో కాల్చి వడ్డించుట అక్కడి సంప్రదాయం. ఆరేడు కిలోలు తూగే పక్షి కనుక ఇంటిల్లిపాదీ తిన్నను చాలా మిగులుతుంది. ఆ మిగిలిన మాంసంతోను, ఎముకలతోను మరునాడు సూపు కాచుకొనుట వారి ఆనవాయితీ. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో మాంసాహారులు కూడా ఈ అలవాటును అందిపుచ్చుకున్నారు.

ఇక్కడి నుండి పిల్లల వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులకు ఇదొక ధర్మసందేహం. "నిన్నటి మాంసం విషంతో సమానం, పారవేయండి" అని పెద్దల మాట. "ఫ్రిజ్‌లో పెట్టినాము, మళ్ళీ మరిగిస్తే దోషం లేదు" అని పిల్లల మాట. ఈ రెండింటిలోనూ సగమే సత్యమున్నదని నా అభిప్రాయం. వేళ మించకుండా చేసిన సూపు ఆరోగ్యవంతులకు మంచి ఆహారమే. కాని దానిని ఔషధమని చెప్పి బాలింతకు, జ్వరపడి లేచినవారికి, పసిపిల్లలకు, వృద్ధులకు పోయుట తగదు.

శాకాహారియైన వైద్యునికి మాంసరసంతో పని యేమని కొందరు అడుగవచ్చును. గురుకులంలో మాకు ద్రవ్యగుణం చెప్పిన గురువు మాంసం ముట్టనివారే. అయినను మాంసవర్గాన్ని ఒక్క పంక్తి విడువక పాఠం చెప్పినారు. రోగి ఆహారం వైద్యుని అభిరుచిని బట్టి నడువదు కదా!

శాస్త్రం ఏమన్నది?

చరకాచార్యులు శ్రేష్ఠ ద్రవ్యాలను పరిగణించిన చోట, తృప్తిని కలిగించు వాటిలో మాంసరసాన్ని, బలాన్నిచ్చు వాటిలో కోడిని అగ్రస్థానంలో నిలిపినారు. చిక్కిపోయినవారికి, రోగం నుండి తేరుకొనుచున్నవారికి మాంసరసం విధించుట మన వైద్యంలో ప్రాచీన పద్ధతి. అయితే టర్కీ కోడి ప్రస్తావన చరకంలోను, సుశ్రుతంలోను లేదు, ఉండుటకు వీలు లేదు. అది అమెరికా ఖండపు పక్షి. 1612లో గోవా నుండి జహంగీర్ చక్రవర్తి కొలువుకు అటువంటి పక్షి రాగా, దానిని వింతగా చూచి, ఆస్థాన చిత్రకారుడైన మన్సూర్‌తో బొమ్మ వ్రాయించినాడు. నేలను కాళ్ళతో గీరి మేత ఏరుకొను స్వభావాన్ని బట్టి దీనిని కోడివలె విష్కిర వర్గంలో చేర్చి ఊహించవచ్చును. అంతకు మించి దీనికి శాస్త్రోక్త గుణాలు అంటగట్టుట సరికాదు.

ఇక మిగిలిన ఆహారం మాట. వండి ఒక యామం, అనగా మూడు గంటలు గడిచిన దానిని 'యాతయామ'మని, రాత్రి గడిచిన దానిని 'పర్యుషిత'మని గీతాకారుడు తామసాహారాలలో చేర్చినాడు. చల్లారిన అన్నాన్ని మరల వేడిచేసి తినరాదని వాగ్భటుడు నిషేధించినాడు. ఆ కాలంలో ఫ్రిజ్ లేదు కనుక ఈ నియమాలు నేడు పనికిరావని తోసివేయువారున్నారు. నేటి సూక్ష్మజీవి శాస్త్రం చెప్పునది వినిన తరువాత వారు మరొకసారి ఆలోచింపవలెను.

మరిగించినంత మాత్రాన...

'క్లోస్ట్రిడియమ్ పెర్ఫ్రింజెన్స్' అను సూక్ష్మజీవి వంటవేడికి చచ్చినను, దాని బీజాలు చావవు. మాంసం, రసం గోరువెచ్చగా గంటల తరబడి నిలిచియున్న వేళ అవి మొలకెత్తి లెక్కకు మిక్కిలిగా పెరుగుతాయి. అట్టి ఆహారం తిన్న 6 గంటల నుండి 24 గంటలలోపు కడుపునొప్పి, విరేచనాలు పుట్టుతాయి. అమెరికాలో ఈ వ్యాధి నవంబరు, డిసెంబరు మాసాలలో అధికంగా కనిపించుటకు పండుగ వంటలే కారణం. 'స్టెఫిలోకాకస్ ఆరియస్' అను మరొక సూక్ష్మజీవి ఆహారంలోనే విషాన్ని విడుస్తుంది. ఆ విషం మరిగించినను నశించదు. కనుక చెడిన దానిని నిప్పు బాగుచేయలేదు. వాగ్భటుని నిషేధానికి ఈ సూక్ష్మజీవులే కారణమని నేను వాదించను. ఆయన మాటను పాటించినవారికి మాత్రం ఈ ముప్పు తప్పినది.

"పెద్దల మాట చద్ది మూట" అను సామెత మనదే కదా, చద్ది మంచిది కాదా అని అడుగవచ్చును. మన చద్ది అన్నం గంజిలోనో, మజ్జిగలోనో పులిసినది. పులుపు చాలా సూక్ష్మజీవులను పెరగనీయదు. కాల్చిన మాంసానికి ఆ రక్షణ లేదు.

చేయదలచినవారు పాటింపవలసినవి

అన్నాన్ని పారవేయుట మన సంస్కృతి కాదు. ప్రాణం తీసి తెచ్చుకున్న దానిని సగం చెత్తబుట్టలో వేయుట మరింత దోషం. కనుక సూపు చేయుట మంచిదే. అయితే పని పండుగనాటి రాత్రే మొదలుకావలెను.

ఓవెను నుండి తీసిన రెండు గంటలలోపు మాంసాన్ని ఎముకల నుండి వేరుచేసి, లోతులేని పాత్రలలో పలుచగా పరచి ఫ్రిజ్‌లో పెట్టవలెను. పక్షిని అట్లే లోపలికి తోస్తే నడిమి భాగం చల్లబడుటకు చాలా గంటలు పట్టుతుంది. పొట్టలో కూరిన రొట్టెముక్కలు తీసివేరుగా ఉంచవలెను. మరునాడు ఎముకలను చన్నీటిలో వేసి, ఉల్లి, క్యారెట్, అల్లం, మిరియాలు చేర్చి సన్నని సెగపై రెండు, మూడు గంటలు కాచి వడగట్టవలెను. ఆ రసాన్ని చిన్న పాత్రలలోకి వంపి, చన్నీటిలో నిలిపి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన పేరుకుంటుంది. దానిని తీసివేస్తే రసం తేలికగా జీర్ణమవుతుంది.

నేయి, ఉప్పు, కారపు ద్రవ్యాలు చేర్చిన రసాన్ని శాస్త్రం 'కృత'మని, చేర్చని దానిని 'అకృత'మని అన్నది. అకృతం తేలిక, కృతం కొంత బరువు. తినే వేళకు చారెడు నేతిలో కాక, అరచెంచా నేతిలో జీలకర్ర, ధనియాలపొడి, చిటికెడు శొంఠి, పసుపు వేసి పోపు పెడితే చాలును. వండిన మాంసం కనుక ముక్కలను చివరనే వేసి, అంతా కుతకుత మరిగిన తరువాతనే దించవలెను. తినేటంత మాత్రమే తీసి ఒక్కసారే వేడిచేయవలెను. మెల్లగా ఉడికించు 'స్లో కుక్కర్'లో దీనిని వేడిచేయరాదు. అది గోరువెచ్చని స్థితిలో ఎక్కువసేపు నిలుపుతుంది. పాలు, మీగడ చేర్చుట అక్కడి ఆచారమైనను, మాంసంతో పాలు విరుద్ధాహారం కనుక నేను వద్దంటాను. టర్కీ కోడిని ముందుగా ఉప్పునీటిలో నానబెట్టు అలవాటు పలువురికి కలదు. రక్తపుపోటు గలవారు రుచి చూడకుండా మరల ఉప్పు వేయరాదు.

ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులకు మించి ఉంచరాదని అక్కడి ప్రభుత్వ వ్యవసాయశాఖ వారి సూచన. గురువారం నాటి మాంసానికి సోమవారమే కడపటి దినం. సూపు శనివారం కాచినను లెక్క గురువారం నుండే వేసుకొనుట మంచిదని నా అభిప్రాయం. మిగిలితే డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకొని రెండు, మూడు నెలలలోపు వాడుకొనవచ్చును.

ఎవరికి వద్దు?

జలుబు చేసినా, నీరసంగా ఉన్నా "ఆ టర్కీ సూపు వేడిచేసి ఇవ్వు" అనుట ఆ దేశంలో మనవారికీ అలవాటైనది. కోడలి పురుటికి వెళ్ళిన అత్తగారు బలానికని బాలింతకు అదే పోయుట కలదు. నా అభ్యంతరమంతా ఇక్కడే. బాలింతకు, జ్వరం విడిచినవారికి జఠరాగ్ని మందంగా ఉంటుంది. శాస్త్రం మాంసరసాన్ని విధించినది సద్యోమాంసంతో, అనగా తాజా మాంసంతో, అప్పటికప్పుడు కాచి వెచ్చగా ఇచ్చుటకే. బలవంతునికి ఒకపూట విరేచనాలతో పోయే పొరపాటు వృద్ధులను, పసివారిని ఆసుపత్రి పాలుచేయగలదు. వారికొరకు పావుకిలో తాజా కోడిమాంసం తెచ్చి వేరుగా రసం కాచుట గంట పని. మాంసం తిననివారికి పెసరకట్టు ఉండనే ఉన్నది.

మిగిలిన దానితో ఇంటిని పొదుపుగా నడుపుకొనుట గృహిణి నేర్పు. ఆ పొదుపును రోగి మంచం వద్దకు మాత్రం తీసుకుపోకుందురు గాక.