రీమ్యాచ్ నొక్కే ముందు...

రాత్రి 11 దాటితే చాలు, నా వేలు చెస్ యాప్ మీదకే పోతుంది. మూడు నిమిషాల గేమ్. ఓడిపోతే వెంటనే ‘రీమ్యాచ్’. ఇప్పటికి 3,000 గేమ్‌లు దాటాయి. రేటింగ్ మాత్రం 1100 దగ్గరే కూర్చుంది. ‘మనకంత బుర్ర లేదులే’ అని సరిపెట్టుకున్నా. ఆ మధ్య వరసగా మూడు ఇంటర్వ్యూలు పోయినప్పుడూ ఇదే మాట అనుకున్నా.

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో ఆరో తరగతి కుర్రాడొకడు బోర్డు పట్టుకొచ్చాడు. 20 ఎత్తుల్లోపే నాకు చెక్‌మేట్! నేను లేవబోతుంటే, ‘‘ఆగన్నా, ఎక్కడ పోయిందో చూద్దాం’’ అన్నాడు. మొదటి ఎత్తు నుంచీ అన్నీ గుర్తుపెట్టుకుని మళ్లీ ఆడి చూపించాడు. పన్నెండో ఎత్తు దగ్గర ఆగి, ‘‘ఇక్కడ తొందరపడి గుర్రం జరిపావన్నా’’ అన్నాడు.

వాడి జ్ఞాపకశక్తికి నోరెళ్లబెట్టా. కానీ అసలు సంగతి వేరే ఉంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. నిజమైన ఆటలోని బోర్డును ఐదు సెకన్లు చూపిస్తే, మాస్టర్ చాలా పావుల్ని మళ్లీ సరిగ్గా పేర్చేశాడు. అవే పావుల్ని చిందరవందరగా పెట్టి చూపిస్తే? అతనూ మనలాగే తడబడ్డాడు. అంటే అది పుట్టుకతో వచ్చిన కెమెరా కాదు. ఏళ్ల తరబడి ఆటల్ని తిరగేసి చూడటం వల్ల కంటికి అలవాటైన అమరికలు.

మరి అంత నేర్చుకున్నాక ఓటమి ఉండదా? మన కోనేరు హంపినే చూడండి. 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీల్లో మొదటి రౌండే ఓడిపోయింది. అయినా 11 రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చుకుని, 37 ఏళ్ల వయసులో రెండోసారి ఛాంపియన్ అయింది. ఓడాక ఏం చేస్తామన్న దగ్గరే ఉంది తేడా అంతా.

నిన్న రాత్రి మళ్లీ ఓడిపోయా. వేలు అలవాటుగా రీమ్యాచ్ వైపు వెళ్లింది. ఆపి, మొదటిసారి ఆ గేమ్‌ని వెనక్కి తిప్పి చూశా.

పద్నాలుగో ఎత్తు. అదే గుర్రం, అదే తొందర.

3,000 ఆటలు ఆడాననుకున్నా. ఒకే ఆటని 3,000 సార్లు ఓడిపోయానేమో!