ఓటమి లేనోడే మొనగాడా?

ఈ పోస్టు పంట గురించి కాదు గానీ, పుట్టింది మాత్రం మా కళ్లంలోనే. ధాన్యం ఆరబోసి రాత్రి కాపలా పడుకుంటే మా కుర్రాళ్లు ఫోన్లో బాక్సింగ్ చూస్తూ తగువు పడ్డారు. హెవీవెయిట్‌లో ఇప్పటిదాకా వచ్చినవాళ్లలో మొనగాడెవడు అని. ఒకడు టైసన్ అన్నాడు. వాడు లైగర్ సినిమాలో చూసి చెప్తున్నాడు కాబట్టి ఆ ఓటు నేను లెక్కలోకి తీసుకోలా. ఇంకోడు రాకీ మార్సియానో అన్నాడు. "49 పోటీలు, 49 గెలుపులు. ఒక్క ఓటమి లేదు బాబాయ్, ఇంకేం కావాలి?"

కావాలి. ఎవరి మీద గెలిచాడు, అవతలోడు ఏ స్థితిలో ఉండగా గెలిచాడు అన్నది కూడా చూడాలి.

ఆ 49లో ఒకటి 1951లో జో లూయిస్ మీద గెలిచింది. ఈ లూయిస్ ఎవరనుకున్నారు? అమెరికాలో అలబామా అనే చోట, సొంత భూమి లేక పంటలో వాటా ఇచ్చి దున్నుకునే నల్లజాతి కుటుంబంలో 1914లో పుట్టాడు. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్‌లో ఆ లెక్క దాటినవాడు ఇప్పటికీ లేడు. 1936లో తనను పడగొట్టిన జర్మనీవాడు ష్మెలింగ్‌ని 1938లో మొదటి రౌండులోనే పడుకోబెట్టాడు. యుద్ధం వచ్చినప్పుడు రెండు పోటీల్లో తనకొచ్చిన డబ్బు సైనికుల సహాయ నిధులకు ఇచ్చేశాడు. అలాంటివాడి మెడకి చివరికి పన్ను బకాయిలు చుట్టుకున్నాయి. వడ్డీతో కలిపి లక్షల డాలర్లు. ఆట మానేసిన మనిషి ఆ అప్పు కోసం మళ్లీ గ్లౌజులు తొడిగాడు. అప్పటికి 37 ఏళ్లు, తల వెంట్రుకలు పల్చబడ్డాయి. మార్సియానోకి 28. ఎనిమిదో రౌండులో లూయిస్ తాళ్ల మధ్య నుంచి బయటికి పడిపోయాడు. గెలిచిన మార్సియానో కూడా ఆ రాత్రి ఏడ్చాడంటారు.

వడ్డీ కట్టడానికి దిగినవాణ్ని ఓడించిన గెలుపుని నేను నిండు గెలుపుగా లెక్కెయ్యలేను. అది మార్సియానో తప్పు కాదు, మంచి మొండివాడే. నా వరసలో అయిదో చోట ఉంటాడు.

మొదటి చోటు మహమ్మద్ ఆలీది. ఆలీ 5 సార్లు ఓడిపోయాడు, నిజమే. కానీ ఎవరితో తలపడ్డాడో చూడండి. లిస్టన్, ఫ్రేజియర్, నార్టన్, ఫోర్‌మన్. వీళ్లలో ఎవణ్నీ పక్కకు తప్పించుకోలా. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు 1967లో టైటిల్ లాగేసుకున్నారు. ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న మూడున్నరేళ్లు ఖాళీగా పోయాయి. మనకి మూడు కార్లు నీళ్లు వదలకపోతే ఎలా ఉంటుందో అలా అనుకోండి. అయినా 1974లో కిన్షాసాలో, అప్పటికి 40కి 40 గెలిచిన ఫోర్‌మన్‌కి ఎదురు నిలిచాడు. తాళ్లకి ఆనుకుని దెబ్బలు కాచుకుంటూ, వాడు కొట్టి కొట్టి అలిసేదాకా ఆగి, ఎనిమిదో రౌండులో పడేశాడు. అప్పుడు ఆలీకి 32, ఫోర్‌మన్‌కి 25.

రెండు లూయిస్. లూయిస్‌కి ఎదురైనవాళ్లలో చాలామంది ఆలీకి ఎదురైనవాళ్లంత గట్టివాళ్లు కాదు, అందుకే ఒక్క మెట్టు దించా. మనసొప్పక దించా.

మూడు ఫోర్‌మన్. 45 ఏళ్ల వయసులో, 1994లో మళ్లీ ఛాంపియన్ అయ్యాడు, ఇంకేం చెప్పాలి. నాలుగు హోమ్స్, 20 సార్లు టైటిల్ కాపాడుకున్నాడు.

ఆరు జో ఫ్రేజియర్. అభిమానం మీద అయితే రెండులో పెట్టేవాణ్ని. ఇతనూ రైతుబిడ్డే, దక్షిణ కరోలినాలో. తండ్రికి ఒక చెయ్యి పోతే పొలంలో తనే తండ్రి చెయ్యయ్యాడు. గోతాంలో పాత గుడ్డలు, మొక్కజొన్న బెండ్లు, ఒక ఇటుక కూరి చెట్టుకి వేలాడదీసి గుద్దేవాడు. పంది తరిమితే పడి ఎడమ చెయ్యి దెబ్బతింది, మళ్లీ పూర్తిగా సాగలా. ఆ వంకర చేత్తోనే 1971లో పదిహేనో రౌండులో ఆలీని కింద పడేసి గెలిచాడు. కానీ 1973లో ఫోర్‌మన్ ఇతన్ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అది చూశాక పైన పెట్టడం కుదర్లా.

టైసన్ ఏడు. ఇరవయ్యేళ్లకే ఛాంపియన్, అది ఒప్పుకుంటా. పైకి ఎక్కించమనేవాళ్లు ముందు 1990లో టోక్యోలో డగ్లస్ చేతిలో ఏమైందో, తర్వాత హోలీఫీల్డ్‌తో రెండు పోటీల్లో ఏమైందో చూసి రండి.

బస్తాలు ఇంకా కాంటాకి పోలేదు, రేపు రాత్రి కూడా కళ్లంలోనే ఉంటా. తగువుకి రాదలుచుకున్నవాళ్లు దుప్పటి తెచ్చుకోండి, మంచు బాగా పడుతోంది.