రంగు కింది ఇనుము

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు. చరోదా రైల్వే యార్డులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశారు. బ్రతుకుతెరువు కోసం ఉత్తరాంధ్ర విడిచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వారిదీ ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెద్ద అధికారి ఎవరైనా కాంటెస్సా కారులో పోతూ ఉంటే సైకిలు ఆపి మరీ చూచేవారట. విరమణానంతరం చేతికందిన సొమ్ములో కొంత వెచ్చించి, ఆ కారే కొనాలని సంకల్పించారు. "కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి బాబూ, ఒక్కసారి వచ్చి చదివిపెట్టు" అని నన్ను వెంటబెట్టుకొని వెళ్లారు.

అమెరికాలో 'మజిల్ కారు' అనే మాట ఒకటి ఉన్నది. తెనిగిస్తే 'కండల బండి' అనవలసి వస్తుంది. మధ్యరకం కారులో భారీ ఇంజను అమర్చితే అది కండల బండి. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఈ మోజు ఊపందుకొన్నది. నేడు వాటి ధరలు ఆకాశాన్ని అంటుతున్నందువల్ల, సాధారణమైన టెంపెస్ట్ కారుకు జీటీవో చిహ్నాలు తగిలించి అమ్మేవారూ తయారైనారు. అందుకే అక్కడ తెలిసినవారు ముందుగా అంకెలు చూస్తారు. ఆ ఒంటికి ఆ ఇంజను పుట్టుకతో వచ్చినదేనా అని విచారిస్తారు.

మన దేశంలో ఆ కోవకు దగ్గరగా వచ్చినది కాంటెస్సాయే. ఇంగ్లండులోని వాక్స్‌హాల్ విక్టర్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు 1984 నుంచి 2002 వరకు దీనిని తయారుచేశారు. రూపం గంభీరమే. అయితే తొలినాళ్లలో దానికి అమర్చినది అంబాసిడర్ ఇంజను. శక్తి సుమారు 50 అశ్వశక్తి మాత్రమే. కొన్నేళ్లకు జపాను ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజను వచ్చిన తరువాతనే ఆ శరీరానికి తగిన సత్తువ చేకూరింది. కనుక 'కాంటెస్సా' అన్న పేరు ఒక్కటే విని బేరం ఆడరాదు.

పరీక్ష కాగితాలతో ఆరంభించాలి. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇంధనం రాసి ఉంటాయి. కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిచి, లోహం మీద చెక్కిన అంకెలతో వాటిని స్వయంగా సరిపోల్చుకోవాలి. అంకెలు వంకరగా ఉన్నా, అరగదీసిన జాడ కనిపించినా వెనుదిరగడం మేలు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. చివరి కాంటెస్సా 2002 నాటిది గనుక, నేడు రోడ్డెక్కే ప్రతి కాంటెస్సాకూ ఈ పొడిగింపు ఉండి తీరాలి. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. అంతకుముందు ఇక్కడి బండ్లు మధ్యప్రదేశ్‌లో నమోదైనవే. పొరుగు రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం లేనిదే డబ్బు ఇవ్వవద్దు. 2021లో వచ్చిన 'వింటేజ్' నిబంధనలు యాభై ఏళ్లు దాటిన వాహనాలకే వర్తిస్తాయి. తొలి కాంటెస్సాకైనా ఆ యోగం 2034కు ముందు పట్టదు.

పిమ్మట శరీరం. ఈ కారుకు లారీకి ఉన్నట్లు విడిగా చట్రం ఉండదు. రేకుల కూర్పే దాని వెన్నెముక. అందుచేత తుప్పు ఇక్కడ అందానికి కాదు, ప్రాణానికే ముప్పు. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల కింది అంచుల వెంట, చక్రాల పై వంపుల మీద జరిపి చూడండి. ఇనుము ఉన్నచోట అంటుకుంటుంది; పుట్టీ నింపినచోట జారిపోతుంది. లోపలి తివాచీ ఎత్తి నేల రేకు చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని అడుగు తడమండి.

ఇంజను చల్లగా ఉండగా చూడాలి. మీరు వెళ్లేసరికే అది వేడెక్కి ఉంటే, అమ్మేవారు దేనినో దాస్తున్నారేమోనని అనుమానించవచ్చు. నీలిపొగ వస్తే ఆయిలు మండుతున్నదని అర్థం. తెల్లపొగ ఎంతకూ ఆగకపోతే, ఆయిలు మూతకు పాలకాఫీ రంగు జిగురు పట్టి ఉంటే, లోపల నీరు ఆయిలులో కలుస్తున్నదేమో చూపించుకోవాలి. నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. నాటి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. వాటిని మార్చే ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కవేయండి. రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతున్నదా, గేరు దానంతటది జారిపోతున్నదా గమనించండి.

ఇంజను భాగాలు కొన్నింటిని భిలాయి లేత్ మిషన్ల మీద చేయించుకోవచ్చు. ముందరి అద్దం, దీపాల పెంకులు మాత్రం ఏ లేత్ మీదా పుట్టవు. అవి పగిలి ఉన్న బండిని కొనేముందు రెండుమార్లు ఆలోచించాలి.

ఆ రోజు మేము చూచిన కారు ఎర్రగా నిగనిగలాడుతున్నది. పెద్దాయన ముఖం చూస్తే సైకిలు ఆపి నిలబడిన నాటి కుర్రవాడే కనిపించాడు. పుస్తకంలోని ఇంజను నంబరుకూ, లోహం మీది నంబరుకూ పొంతన లేదు. ఎడమ తలుపు కింద అయస్కాంతం జారి నేలమీద పడింది. అది గమనించి అమ్మకందారు ధర సగానికి దించాడు. అసలు పరీక్ష అప్పుడే ఎదురయింది. ఆయన చాలాసేపు ఆ కారు చుట్టూ తిరిగి, చివరకు వంగి అయస్కాంతాన్ని తీసుకున్నారు.

"బండ్ల చక్రాలు చూస్తూ బ్రతికినవాణ్ణి బాబూ. ఇనుము లేనిచోట మనవాళ్లను కూర్చోబెట్టలేను" అన్నారు.

కారు కోసం ఆయన ఇంకా వెదుకుతూనే ఉన్నారు. అయస్కాంతం ఆయన జేబులోనే ఉన్నది.