ఒప్పందం ఢిల్లీలో, లెక్క ఎక్కడ?

ద్వారకలోని యశోభూమి సమావేశ కేంద్రాన్ని 2023 సెప్టెంబరు 17న ప్రధాని ప్రారంభించారు. విదేశీ పెట్టుబడులను పిలిచేందుకు రాష్ట్రాలకు అది విశాలమైన వేదిక. అయితే వేదిక ఒక్కటే పరిశ్రమను నిలపలేదు. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్న కియా, 2019లో పెనుకొండ వద్ద కార్లు తయారుచేయగలిగిందంటే, గొల్లపల్లి జలాశయం నీరు ఆ కరవుసీమలో అందుబాటులోకి రావడం ఒక ముఖ్య కారణం.

విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ఢిల్లీలోనే ప్రకటించింది. డేటా కేంద్రానికి విద్యుత్తు అపారంగా కావాలి. కొలువులు మాత్రం కార్ల కర్మాగారంలో ఉన్నన్ని ఉండవు. కనుక రాయితీల విలువను, నీటి కేటాయింపును, ఉద్యోగాల సంఖ్యను ప్రభుత్వం ఏటా శాసనసభ ముందుంచాలి. పెట్టుబడిని ఆహ్వానించడం పాలకుల బాధ్యత. లెక్క అడగడం ప్రజల హక్కు.