కమీషన్ ఎంతని కాదు, తేడా ఎవరికని అడగండి

పొలమో ఇల్లో అమ్మదలచిన రైతు బ్రోకరుతో మొట్టమొదట బేరమాడేది కమీషన్ గురించే. ఆయన రెండు శాతం అంటాడు, మనం ఒకటి అంటాం. చివరికి ఒకటికి ఒప్పించి గెలిచామనుకుంటాం. అసలు దెబ్బ తగిలేది అక్కడ కాదు.

ఒక లెక్క చూడండి. మీకు రోడ్డు పక్కన మూడెకరాల మెట్ట ఉందనుకుందాం. ఎకరా 4 లక్షలకు ఒప్పుకున్నారు. బ్రోకరు 20 వేలు బయానా ఇచ్చి, కొనేవారి పేరు ఖాళీగా వదిలి అగ్రిమెంటు రాయించుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే అదే పొలం బెంగుళూరు పార్టీకి ఎకరా 6 లక్షలకు కుదిర్చాడు. కమీషన్ తగ్గించి మీరు మిగిల్చుకున్నది 12 వేలు, ధరలో పోగొట్టుకున్నది 6 లక్షలు!

ధరలు కదిలే చోట ఈ తేడా ఆట జోరుగా సాగుతుంది. 2017లో కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరాక పెనుకొండ మండలం ఎర్రమంచి చుట్టుపక్కల భూములకు ఎలా రెక్కలొచ్చాయో మనం చూశాం. అలాంటప్పుడు ధర సంగతి బయటివాళ్ళకు ముందు తెలుస్తుంది, మనకు చివర తెలుస్తుంది.

బ్రోకర్లంతా మోసగాళ్ళని కాదు. కొనేవాడు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటే వాడిని వెతికి తెచ్చేది ఆయనే. ఆ కష్టానికి కూలి ఇవ్వాల్సిందే. అయితే పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరం చేసినా, ఎద్దును తోలుకుపోయేవాడు మన కళ్ళెదుటే ఉంటాడు. భూమి బేరంలో కొనేవాడి ముఖం కూడా చూడకుండా సంతకం పెట్టడం దేనికి?

మనిషిని ఎంచుకునేటప్పుడు ఆయన మాటలు కాదు, ఆయన చేత అమ్మించుకున్న ఇద్దరు ముగ్గురు రైతులను అడగండి. కొన్నవాడు చివరికి ఎంతిచ్చాడో వాళ్ళకు తెలిసిందా అని అడగండి. రిజిస్ట్రేషన్ కాగితంలో ధర చూసి మోసపోవద్దు, చాలాసార్లు అది అసలు ధర కాదు. 2016 నాటి రెరా చట్టం కింద ఏజెంట్లు నమోదు కావలసింది లేఅవుట్లు, అపార్టుమెంట్ల వంటి ప్రాజెక్టులకే. మన పొలానికి, పాత మిద్దెకు ఆ రక్షణ లేదు. మన జాగ్రత్తే మనకు రక్ష.

బేరానికి ముందే ఈసీ, అడంగల్, 1బి తీసిపెట్టుకోండి. డీ పట్టా భూమైతే 22ఎ నిషేధ జాబితాలో ఉందో లేదో మీరే ముందుగా కనుక్కోండి. లేకపోతే ‘కాగితాల్లో చిక్కుంది’ అని చెప్పి ధర కోస్తారు. బోరు అప్పు ఎంతుందో, పెళ్ళి ముహూర్తం ఎప్పుడో బ్రోకరుకు చెప్పకండి. మీ అవసరమే ఆయన చేతిలో ఆయుధం అవుతుంది.

ఇక షరతులు తెల్లకాగితం మీదైనా రాసుకోండి. అగ్రిమెంటు కొనేవాడి పేరుతోనే ఉండాలి, బ్రోకరు పేరుతోగానీ ఖాళీగా గానీ వద్దు. కొనేవాడు మీకే నేరుగా డబ్బు కట్టాలి. గడువు మూడు నెలలకు మించకూడదు. కమీషన్ రిజిస్ట్రేషన్ రోజునే ఇవ్వాలి. కొనేవాడి దగ్గర కూడా కమీషన్ తీసుకుంటుంటే ఆ మాట ముందే చెప్పాలి.

కమీషన్‌కు ఏ చట్టమూ రేటు కట్టలేదు, అందుకే బేరం మన చేతిలో ఉంది. నా సలహా ఒకటే. పై లెక్కలో 12 లక్షల వరకు ఒక శాతం, ఆ పైన వచ్చినదానిలో పది శాతం ఇస్తామనండి. 18 లక్షలకు అమ్మితే ఆయనకు 72 వేలు, మీకు 17 లక్షల 28 వేలు. ధర పెరిగితే ఆయనకూ లాభమే గనుక మీ తరఫున గట్టిగా బేరమాడతాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఏజెంటు మనకు తెలియకుండా తనకోసమే బేరం నడిపి లాభం గుంజుకుంటే ఆ లాభాన్ని అడిగే హక్కు మనకుంది. కానీ కోర్టు మెట్లెక్కి తెచ్చుకోవడం పేద రైతుకు మాటలు కాదు. వానలు నమ్మలేని ఈ నేలలో తరాల తరబడి కాపాడుకున్న ఆస్తిని అమ్మేది ఒక్కసారే. సంతకం పెట్టే ముందు బ్రోకరును ఒక్క మాట అడగండి: ‘కొనేవాడు ఎవరు, ఎంతిస్తున్నాడు?’ దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి.