మాసాహెబా మ్రొక్కు మాత్రమేనా?

సంపాదక మహాశయా,

మీ గత సంచికలో మాసాహెబాగా పేరొందిన గోలకొండ రాణి హయాత్ బక్షీ బేగమును గూర్చి వెలువడిన వ్యాసము సరసముగా నున్నది. కాని, బాలుడగు అబ్దుల్లాను మదపుటేనుగు మోసికొనిపోగా, కొడుకు క్షేమముగా మరలివచ్చినచో ఏనుగు గొలుసంత బంగారు గొలుసును హుసేనీ ఆలమను పవిత్రధ్వజమునకు సమర్పింతునని మ్రొక్కిన తల్లిగానే ఆమెను నిలిపి, ఆమె రాజనీతిని విస్మరించుట నాకు సమ్మతము కాదు. మొహర్రపు లంగరు ఊరేగింపునకు మూలమని మా పాతబస్తీలో చెప్పుకొను ఆ గాథను నేను తోసిపుచ్చను. అయినను 1626లో భర్త మహమ్మద్ కుతుబ్‌షా గతింపగా, పండ్రెండేండ్ల కుమారుని పేర రాజ్యభారము వహించిన దామెయే.

ఆ పెత్తనము కొద్దికాలమే యని వ్యాసకర్త తేల్చివేసిరి. కాని 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు, కుమారుడు కోటలో చిక్కియుండగా, వార్ధక్యమున స్వయముగా శత్రుశిబిరమునకు వెడలి సంధి మాటలాడిన దెవరు? మనుమరాలిని ఔరంగజేబు కుమారునికిచ్చి, అపారధనము చెల్లింప నొడంబడవలసివచ్చిన మాట నిజమే. కాని ఆ పిమ్మట కుతుబ్‌షాహీ రాజ్యము 1687 వరకు నిలిచినది. ఏలిన దినములను లెక్కించి పాలకుల యోగ్యతను తూచుట న్యాయము కాదు. ఆమె దౌత్యమును గూర్చియు సమగ్రమైన వ్యాసమొకటి ప్రకటింప ప్రార్థన.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హుసేనీ ఆలం, హైదరాబాదు